అడగకుండా వాడుకున్న మాట

ఒరేయ్ తాళ్ల మాస్టారూ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. జవాబు రాయనందుకు ఎంత తిట్టినా పడతాను. రెండుసార్లు మొదలుపెట్టాను కూడా. ఆ సగం కాగితాలు సంచిలో సుద్దపొడి పట్టి తెల్లబడిపోయాయి, ఇక చదవడానికి పనికిరావు. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, పేపరు తనే చదువుకుంటోంది. చెల్లెలు ఉద్యోగం మారింది. క్లైంబింగ్ పోటీలో నాకు నాలుగో స్థానం వచ్చింది, దాని మీద వేరే ఉత్తరం రాయాలి. బావగారికి, అదే నా పెట్టుడు కాలికి, కొత్త సాకెట్ (మోడు దూర్చే గిన్నె) వచ్చింది. పైకి పెళ్ళికొడుకులా మెరిసిపోతున్నారు గానీ అలకలు మాత్రం పాతవే. మధ్యాహ్నం దాటితే వదులైపోతారు, ఇంకో సాక్సు తొడిగితే గానీ అడుగు వేయరు. ఇంటి కబుర్లు ఇంతే. అసలు విషయానికి వస్తాను.

నిన్న నాకు సినిమాలో మొదటి డైలాగు దొరికింది. మూడే మాటలు. ఆ మూడు మాటలూ నీకు తెలుసు. నిన్నటిదాకా నీకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియవు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాస్తున్నది అందుకే.

మొదటి నుంచి చెబుతాను, మధ్యలో పక్కదారి పడితే ఓర్చుకో.

నేను ఇంతకుముందు చేసిన రెండు సినిమాలూ నువ్వు చూశావు. రెండింటిలోనూ నా పని ఒకటే, కాలు పోగొట్టుకోవడం. యుద్ధం సన్నివేశాలకు మాలాంటి వాళ్ళను పిలవడం కొత్తేమీ కాదు. 1998లో వచ్చిన ‘సేవింగ్ ప్రైవేట్ రయాన్’లో సముద్రతీరపు పోరాటానికి నిజంగానే కాళ్ళూ చేతులూ కోల్పోయినవాళ్ళను తీసుకున్నారు. కంప్యూటర్‌తో ఎంత బాగా బొమ్మ చేసినా, ఒంటికాలి మనిషి నేల మీద పడినప్పుడు నడుము ఎటు తిరుగుతుందో, చెయ్యి దేనికోసం వెతుకుతుందో దానికి తెలియదు. మన ఒంటికి తెలుసు. ఆ పని చిన్నదని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఇది మూడో సినిమా. మందుపాతర పేలి సైనికుడి కాలు పోతుంది. మేకప్ వాళ్ళు మోకాలి కింద నుంచి సిలికాన్‌తో కాలు చేసి, లోపల రంగు రక్తపు సంచులు పెట్టి, మోడుకు వేసుకునే లైనర్ తొడుగు మీద తొడిగారు. పాదానికి నా కొలతకు సరిపోయే సైనిక బూటు. గాలి ఒత్తిడితో ఆ కాలు ఊడి ఎగిరిపోతుంది. అంతా రెండు క్షణాల పని. కానీ ఒక్కసారి పేలాక మళ్ళీ తుడిచి, కడిగి, కొత్త కాలు తొడగడానికి గంట పడుతుంది. ఉదయం నుంచి మధ్యాహ్నానికి నాలుగు టేకులయ్యాయి. నాలుగుసార్లూ గొంతు చిరిగేలా అరిచాను. అరవమన్నారు, అరిచాను.

ఐదో టేకు నుంచి పేలుడు తర్వాతి భాగం కూడా. తోటి సైనికుడు పాకుతూ వచ్చి నా కాలికి బెల్టు బిగించాలి. ఆ పాత్ర వేస్తున్నది ఒక కుర్రాడు, ఇదే అతని మొదటి సినిమా. వచ్చి బెల్టును సరిగ్గా మోకాలి కీలు మీద కట్టాడు. ఒరేయ్, నా నోరు ఆగలేదు. కెమెరా తిరుగుతూ ఉండగానే, “కీలు మీద కాదు, పైన. తొడకు కట్టు. ఇంకా బిగించు. టైము చూడు, టైము రాయి” అనేశాను.

కట్ అన్నారు. టేకు పాడుచేశానని క్షమాపణ చెప్పబోయాను. డైరెక్టరు గారు వచ్చి నా పక్కనే బురదలో కూర్చున్నారు. మన అమ్మల వయసు ఆవిడది. “టైము ఎందుకు?” అని అడిగారు. రక్తం ఎంతసేపటి నుంచి ఆగిందో డాక్టరుకు తెలియాలి కదా, అందుకని చెప్పాను. నా కాలు పోయిన రోజున నువ్వు నా ముంజేతి మీద పెన్నుతో రాసిన 10.42 గురించి చెప్పాను. స్లింగు పట్టీని మూడు చుట్లు చుట్టి, అందులో కారాబైనర్ కొక్కెం దూర్చి మెలితిప్పావని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగారు.

“అప్పుడు మీరు ఇలాగే అరిచారా?”

“లేదండీ.”

“మరి ఏమన్నారు?”

చెప్పేశాను రా. ఇన్నేళ్ళలో అమ్మకు చెప్పలేదు, చెల్లెలికి చెప్పలేదు, ఆసుపత్రిలో ఎదురుగా కూర్చుని అన్నీ ఓపికగా విన్న కౌన్సెలర్ గారికి కూడా చెప్పలేదు. బురదలో కూర్చున్న ఒక కొత్త మనిషికి చెప్పేశాను. “బూటు జాగ్రత్త, కొత్తది.”

ఆవిడ నవ్వలేదు. ఆ మాట ఇక్కడ అంటారా అని అడిగారు. సరేనన్నాను. నిన్ను అడగాలని అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే... ఏమో, ఆ సంగతి తర్వాత.

ఆరో టేకు. అరుపు లేదు. పేలుడు, దుమ్ము. ఆ కుర్రాడు పాకుతూ వచ్చాడు. ఈసారి సరైన చోటే కట్టాడు. నేను అతని ముఖం చూశాను. గడ్డం వణుకుతోంది, చేతులు వణకడం లేదు. ఆ రోజు నువ్వూ అంతే. బండరాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డం గడగడలాడుతూ ఉంటే, చేతులు మాత్రం ముడి వేస్తున్నంత తాపీగా కదిలాయి. ఆ ముఖం చూస్తూనే ఆ మూడు మాటలూ అన్నాను. నటించానో లేదో నాకు తెలియదు. కట్ అన్నాక కూడా ఆ కుర్రాడు బెల్టు మెలితిప్పుతూనే ఉన్నాడు. “బాబూ, నాకు బాగానే ఉంది, వదులు చెయ్యి” అని నేనే అతని చేతులు పట్టుకోవలసి వచ్చింది. చెట్టు చాటుకు వెళ్ళి ఏడ్చి వచ్చాడు. మంచి నటుడవుతాడు, చూస్తూ ఉండు.

రాత్రి గదికి వచ్చాక లేని కాలు మొదలుపెట్టింది. బొటనవేలు, ఆ కొత్త బూటులో ఇరుక్కుని మండుతున్నట్టు. ఏడాదిగా ఇంత నొప్పి లేదు. మెదడు శాస్త్రవేత్త రామచంద్రన్ గారి అద్దం పద్ధతి గుర్తుందా, నువ్వు గంటలు గంటలు అద్దం పట్టుకుని కూర్చునేవాడివి? బీరువా అద్దానికి పక్కగా కూర్చుని కుడికాలు చాపి వేళ్ళు ఆడించాను. అద్దంలో ఎడమకాలు కదిలింది. అరగంటకు తగ్గింది. తగ్గాక నీ మాట గుర్తొచ్చింది. “దీన్ని ఎవరికీ చెప్పకు, ఇది మనది” అన్నావు కదా, మొదటిసారి బావగారిని తొడుక్కుని కమ్మీల మధ్య నడిచిన రోజు. ఆ మాట నీదీ నాదీ. నీ వాటా కూడా నేనే ఇచ్చేశాను. దీనికి క్షమాపణ ఎలా చెప్పాలో తెలియక కాగితం మీద ఇలా తిరుగుతున్నాను.

ఇంకో సంగతి కూడా ఉంది. అది వింటే నువ్వు కుర్చీలోంచి లేస్తావు.

సాయంత్రం డైరెక్టరు గారు పిలిచి, తర్వాతి సినిమాలో పాత్ర ఇస్తానన్నారు. పర్వతారోహణ నేర్పే మాస్టారి పాత్ర. పదిహేడు సన్నివేశాలు. చదివాను. అతనికి ఒక కాలు లేదు. ఆ సంగతి కథలో ఎవరూ ఎత్తరు! అతనికి అప్పులున్నాయి, మొండితనం ఉంది, కూతురితో గొడవ ఉంది. నాకు ఎంత సంతోషం వేసిందో నువ్వు ఊహించగలవు. మనకు ఎప్పుడూ రెండే పాత్రలు కదా. అయితే ఏడ్చేవాడు, లేకపోతే అందరికీ ధైర్యం చెప్పేవాడు. 1985లో ‘మయూరి’లో సుధా చంద్రన్ తన కథలో తానే నటించారు. అది గొప్ప విషయం, ఆ సినిమా నేను ఎన్నిసార్లు చూశానో నీకు తెలుసు. కానీ ఆ తర్వాత ఆవిడ దశాబ్దాల పాటు టీవీలో ఎన్నో పాత్రలు వేశారు, కాలు ఊసే లేని పాత్రలు. నాకు అది ఇంకా గొప్పగా అనిపిస్తుంది. అమెరికాకు చెందిన ఎమీ పర్డీ సంగతి చూడు. పందొమ్మిదేళ్ళకు మెనింజైటిస్‌తో రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద పోయాయి. 2005లో ఒక సినిమాలో నటించింది. 2014లో సోచి పారాలింపిక్స్‌లో స్నోబోర్డింగ్‌లో కాంస్యం గెలిచింది. ఏదో ఒకటే ఎంచుకోమని నాకు సలహా ఇచ్చేవాళ్ళందరికీ ఆవిడ పేరే చెబుతున్నాను. 2028 లాస్ ఏంజెలెస్ పారాలింపిక్స్‌లో మొదటిసారి పారాక్లైంబింగ్ పెడుతున్నారు, దాన్ని నేను వదలను. ఈ పాత్రనూ వదలను.

సినిమా చివర్లో ఆ మాస్టారు అరవై మీటర్ల నిలువు గోడ ఎక్కుతాడు. డూప్ వద్దన్నాను, నేనే ఎక్కుతాను. తోడల్లుడికి, అదే కొండలెక్కడానికి తొడిగే కాలికి, చేతినిండా పని! (పాదం మరీ చిన్నది చేశారని నవ్వావు కదా. ఆ చిన్న పాదమే వేలంత అంచు మీద కదలకుండా నిలుస్తోంది. రాయి కింద తగిలిందో లేదో తెలియదు గనుక ప్రతి అడుగూ కళ్ళతో చూసి పెట్టాలి, అంతే తేడా.) ఆసుపత్రిలో నా మంచం పక్క గోడకు నువ్వు అతికించిన ఫోటో ఇప్పటికీ నా దగ్గరే ఉంది. హ్యూ హెర్ ఫోటో. 1982లో మంచు తుఫానులో చిక్కుకుని రెండు కాళ్ళూ పోగొట్టుకుని, సన్నటి పగుళ్ళలో దూరే పాదాలు తానే తయారుచేసుకుని మళ్ళీ కొండలెక్కినవాడు. ఆ రోజు ఆ ఫోటోను చించి పారేయమని నిన్ను కసిరాను. నువ్వు చించలేదు.

గోడ ఎక్కేటప్పుడు కింద తాడు పట్టే మనిషి కావాలి. స్టంట్ బృందంలో మంచివాళ్ళే ఉన్నారు, నిన్న వాళ్ళ ముడులు చూశాను, వంక పెట్టడానికి లేదు. అయినా నేను నీ పేరు చెప్పాను. నువ్వు ఆ రోజు తర్వాత తాడు ముట్టలేదని తెలుసు. రాయి పైనుంచి వచ్చింది రా, తాడు నుంచి కాదు. ఇది నోటితో చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో, చెప్పబోయే సరికి నువ్వు మాట మార్చి...

బయట బండి హారన్ కొడుతున్నారు. లైనర్ ఇంకా ఆరలేదు, బావగారు ఇవాళ మళ్ళీ అలుగుతారు. త్వరగా రాసేస్తాను. ఆ టేకు వాడాలా వద్దా అన్నది నీ చేతిలో ఉందని డైరెక్టరు గారికి చెప్పాను. నువ్వు వద్దంటే నాలుగో టేకు, అరిచినది, వాడతామన్నారు. ఎడిటింగ్ వచ్చే నెల పదో తేదీన మొదలవుతుంది. ఆ లోపు రాయి. కాదు, ఫోన్ చెయ్యి. గోడ సంగతి మాత్రం ఫోన్‌లో

మళ్ళీ హారన్. వెళుతున్నాను.

నీ
కొత్త బూటు