వెనక్కి వెళ్ళని బండి, నీ పాత కవరు

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది. జవాబు రాయలేదు, తప్పు నాదే, క్షమించు. రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకసారైతే అరపేజీ దాకా వచ్చి మడిచి పక్కన పెట్టేశాను. అప్పటికి వ్యవహారం సగంలో ఉంది. సగం కథ నీకు రాస్తే మిగతా సగం కోసం నువ్వు నిద్రపోవు, నాకు తెలుసు. నిన్న పూర్తయింది. అందుకే ఇవాళ పొద్దున్నే కూర్చున్నాను.

మామూలు కబుర్లు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. అందరం కులాసా. మీ చెల్లెలికి ప్రమోషను వచ్చింది. పిల్లది ఈత నేర్చుకుంటోంది. నాన్నగారి మోకాలు నయం. అత్తయ్యకి ఆపరేషను తర్వాత ఎలా ఉందో తప్పకుండా రాయి, మెట్లెక్కుతోందా? చెల్లెమ్మని అడిగానని చెప్పు. సరే, అయిపోయాయి.

మన ఎర్ర కారు, బండి వెనక్కి వెళ్ళలేదురా!

మొదటినుంచీ చెబుతానుండు. అంతకు రెండు రోజుల ముందే అనుమానం వచ్చింది. సిగ్నలు దగ్గర ఆగి కదిలేటప్పుడు బరువుగా, ఈడ్చుకుంటూ కదిలేది. మన బండి అలా కదలదు కదా, కాలు ఆనిస్తే చాలు దూకుతుంది. చల్లగా ఉందేమో, వేడెక్కితే సర్దుకుంటుందిలే అనుకున్నాను. తర్వాత గమనించాను, గేర్లు తనే మార్చుకునే బండి కదా, మీటరులో గేరు అంకె 2 దగ్గర మొదలై 4కి పోతోంది, అక్కణ్ణుంచి 6. మధ్యలో 3 లేదు, 5 లేదు. సరిగ్గా చూశానా లేదా అని ఇంకోసారి చూద్దామనుకునేలోపే ఆఫీసు వచ్చేసింది. గోడకి ముక్కు ఆనించినట్టు ఆపి లోపలికి వెళ్ళిపోయాను.

సాయంత్రం వచ్చి రివర్సు వేశాను. ఇంజను బ్రహ్మాండంగా మోగుతోంది, బండి మాత్రం అంగుళం కదల్లేదు. గేరు అక్షరం మినుకుమినుకుమంటోంది. కింద ఎర్రటి హెచ్చరిక. ఆపాను, మళ్ళీ స్టార్టు చేశాను. అదే. ముందుకు మాత్రం పోతానంటుంది, ముందర గోడ! చివరికి న్యూట్రల్లో పెట్టి నలుగురం కలిసి వెనక్కి తోశాం. ఆ ఎర్ర బండి వెనక భుజం ఆనించి తోస్తుంటే నాకు మాస్టారి గొడుగు గుర్తొచ్చింది, నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. ఎందుకో నీకొక్కడికే అర్థమవుతుంది.

లాక్కెళ్ళే లారీ వాడు ముందు మామూలు కొక్కెం పట్టుకొచ్చాడు. నేను ఒప్పుకోలేదు. వెనక చక్రాలు తిప్పే బండిని ఆ చక్రాలు నేలమీద దొర్లుతుండగా లాక్కెళితే, ఇంజను ఆగి ఉంటుంది కాబట్టి గేర్‌బాక్సులో ఆయిలు పంపు తిరగదు, లోపల పళ్ళు ఎండిపోయి అరుగుతాయి. బండి మొత్తం ఎక్కించుకునే చదును లారీయే కావాలని పట్టుబట్టాను. రెండు గంటలు ఆలస్యమైనా అదే వచ్చింది. నేలకి జానెడెత్తు బండి కదా, చెక్కలు పరిచి, అంగుళం అంగుళం ఎక్కించాం.

ఆ రాత్రి, మన సెకండ్‌హ్యాండు బండికి విడిగా కొన్న వారంటీ పత్రం ముందేసుకు కూర్చున్నాను. 22 పేజీలు. కొన్నప్పుడు నువ్వు ఎర్ర పెన్నుతో గీసిన గీతలు అలాగే ఉన్నాయి. ముఖ్యంగా తొమ్మిదో పేజీ. (తొమ్మిదో పేజీ అంటే మనకి ఇంకో అర్థం ఉందిగా, అది ఇప్పుడొద్దు.) 12 నెలల వారంటీలో ఇంకా 19 రోజులు మిగిలున్నాయి. 19 రోజులు! ఆ పాడయ్యేదేదో మరో మూడు వారాలు ఆగి పాడైతే... వద్దులే, తలచుకుంటేనే గుండె జారుతుంది.

నువ్వు ముందే చెప్పిన మాట ఒకటి నన్ను కాపాడింది. క్లెయిము ఒప్పుకునేదాకా ఒక్క బోల్టు కూడా విప్పించకు అన్నావు. పత్రంలో అదే ఉంది, ముందస్తు అనుమతి లేకుండా విప్పితే పైసా ఇవ్వరు. అందుకని వర్క్‌షాపులో మొదటి రోజు చూడటమే తప్ప విప్పడం లేదు.

అక్కడ బండి చూసినావిడ గురించి చెప్పాలి. నేను చూసిన మెకానిక్కుల్లో అంత నిదానంగా, అంత శ్రద్ధగా పనిచేసే మనిషి ఇంకొకరు లేరు. నేను లక్షణాలు చెబుతుంటే మధ్యలో ఆపి, "బేసి గేర్లన్నీ పోయి సరి గేర్లు ఉన్నాయా?" అంది. అవునన్నాను. రెండు పిడికిళ్ళు పక్కపక్కన పెట్టి చూపించింది. ఈ గేర్‌బాక్సు పెట్టెలో ఇంజను బలాన్ని గేర్లకి అందించే క్లచ్చిలు రెండు. ఒకటి 1, 3, 5, 7 గేర్లనీ రివర్సునీ మోస్తుంది, రెండోది 2, 4, 6. ఒకటి పట్టుకుని ఉండగానే రెండోదాని మీద తర్వాతి గేరు సిద్ధంగా ఉంటుంది, అందుకే గేరు మారినట్టే తెలియదు. ఇప్పుడు మొదటి క్లచ్చి పట్టట్లేదు, అందుకే బండి రెండో గేరులో కదులుతోంది, అందుకే రివర్సు లేదు. అంత తేలిగ్గా చెప్పేసరికి రెండు రోజుల అయోమయం ఒక్క నిమిషంలో విడిపోయింది.

నీకు గుర్తుందా, హాస్టలు గోడ మీద నువ్వు అంటించిన పోర్షే 962 బొమ్మ? 1980లలో ఆ రేసు బళ్ళలోనే కదా ఈ రెండు క్లచ్చిల పెట్టెని పరీక్షించింది. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో మామూలు రోడ్డు బళ్ళకొచ్చింది. ఇరవై ఏళ్ళు పట్టింది, ఎందుకంటే క్లచ్చిలని మనిషి కాలు కాకుండా కంప్యూటరు పట్టాలి, ఆయిలు ఒత్తిడిని సెకనులో వందో వంతుల లెక్కన సర్దాలి. నేనేమో ఇన్నాళ్ళూ దాని వేగాన్నే మెచ్చుకున్నాను, ఎంత సున్నితమైన పనో పట్టించుకోలేదు.

సరే. ఆవిడ స్కానరు తగిలించింది. కంప్యూటరు మొదటి క్లచ్చికి 4 బార్ల (బారు అంటే ఒత్తిడి కొలతే) ఒత్తిడి అడుగుతోంది, ఒక్క బారు కూడా రావట్లేదు. రెండోదానికి అడిగినంతా వస్తోంది. క్లచ్చి పలకలు బాగానే ఉండి ఉంటాయి, వాటికి ఆయిలు పంపే కంట్రోలు యూనిట్లో వాల్వు పోయిందని ఆవిడ అనుమానం. ఆ వాల్వు విడిగా దొరకదు. యూనిట్టు మొత్తం మార్చాలి, మార్చాక బండి కంప్యూటరుతో జత చెయ్యాలి, క్లచ్చి ఎక్కడ పట్టుకుంటుందో దానికి మళ్ళీ నేర్పించాలి. అంచనా కాగితం చూశాను. ఆ అంకె నీకు రాయను, మీ చెల్లెలికి కూడా మూడు రోజులు చెప్పలేదు.

క్లెయిము పంపాం. మర్నాడు రెండు వాక్యాల జవాబు. "క్లచ్చి అరుగుదల వస్తువు. క్లెయిము తిరస్కరించడమైనది." అంతే.

ఎంత కోపమొచ్చిందిరా! బండిని ముట్టుకోలేదు, చూడలేదు, పంపిన ఒత్తిడి లెక్కలు చదవలేదు. క్లచ్చి అనే మాట కనబడింది, కొట్టేశారు. నీకు ఫోను చేద్దామని రెండుసార్లు తీసి పెట్టేశాను, ఆ రోజే అత్తయ్య ఆపరేషను. ఆ సమయంలో నా గోల ఏమిటని. మీ చెల్లెలే అంది, "అన్నయ్య గీసిన గీతలు ఊరికే గీశాడా, సరిగ్గా చదవండి" అని.

చదివాం, ఇద్దరం, పక్కపక్కన కూర్చుని. తొమ్మిదో పేజీలో వర్తించనివాటి జాబితా: బ్రేకు ప్యాడ్లు, టైర్లు, వైపరు బ్లేళ్ళు, బ్యాటరీ, "క్లచ్చి రాపిడి పలకలు". పలకలు! క్లచ్చి వ్యవస్థంతా కాదు. దానికి పైన నువ్వు రెండు గీతలు గీసిన చోట, వర్తించేవాటిలో, "గేర్‌బాక్సు లోపలి భాగాలు, ఎలక్ట్రానిక్ కంట్రోలు యూనిట్లు" అని స్పష్టంగా ఉంది. ఆ ఒక్క మాట, పలకలు, దాని మీదే తర్వాత జరిగిందంతా నిలబడింది.

మెకానిక్ ఆవిడ నాకోసం ఇంకో కష్టం తీసుకుంది. గేర్‌బాక్సు ఆయిలు పరీక్షించడానికి మాత్రం అనుమతి రాయించుకుంది. పలకలు అరిగిపోతే ఆయిలు నల్లబడి మాడు వాసన రావాలి, ఫిల్టరులో రాపిడి పొడి దొరకాలి. ఇక్కడ ఆయిలు తేటగా ఉంది, వాసన లేదు, ఫిల్టరు శుభ్రం, అయస్కాంతం మీద పల్చటి బూడిద రంగు పూత తప్ప ఏమీ లేదు. అన్నీ ఫొటోలు తీసి, ఒత్తిడి లెక్కలు జోడించి, నాలుగు పేజీల నివేదిక రాసింది. నేను తొమ్మిదో పేజీ నకలు పెట్టి, మళ్ళీ చూడమని ఉత్తరం రాశాను. కోపం ఒక్క మాటలో కూడా కనబడనివ్వలేదు, నువ్వైతే అలాగే రాసేవాడివని.

వారం తర్వాత కంపెనీ బయటి ఇంజినీరుని పంపింది. ఆయన్ని చూడగానే భయమేసింది గానీ, న్యాయమైన మనిషి. మూడు గంటలున్నాడు. ఎవరి లెక్కలూ నమ్మకుండా తన పరికరంతో తనే కొలిచాడు. చివరికి, "కంట్రోలు యూనిట్టే, పలకలు కావు" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునేలోపే, "గేర్‌బాక్సు ఆయిలు మార్చిన రికార్డు చూపించండి. ఈ బండికి 60,000 కిలోమీటర్లకోసారి మార్చాలి, మార్చకపోతే క్లెయిము చెల్లదు" అన్నాడు.

సర్వీసు పుస్తకం తీశాను. ఆ గడిలో ముద్ర లేదు.

బావా, అప్పుడు నా పరిస్థితి రాయడానికి మాటలు లేవు. ఇంటికొచ్చి సొరుగులన్నీ తిరగేశాను. చిట్టచివర, స్పేరు తాళం కింద, గోధుమరంగు కవరు. నువ్వు ఆ రోజు అమ్మేవాడి దగ్గర పట్టుబట్టి అడిగి తీసుకున్నావే, ఆయన "అవన్నీ పాత బిల్లులండీ, చెత్తబుట్టలో వెయ్యబోతున్నాను" అంటుంటే, "ఇటివ్వండి" అని లాక్కున్నావే, అదే కవరు. నేను దాన్ని ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. టైరు బిల్లులు, దీపం బిల్లు, పార్కింగు చీటీలు, వాటి మధ్య నాలుగు మడతల కాగితం. గేర్‌బాక్సు ఆయిలు, ఫిల్టరు, తేదీ, మీటరు 58,412. కింద సంతకం, ముద్ర. పుస్తకంలో కొట్టడం మరిచిపోయిన ముద్ర బిల్లు మీద కొట్టాడు ఆ మహానుభావుడు! నేల మీదే కూర్చుండిపోయాను. మీ చెల్లెలు పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే నోట మాట రాక కాగితం చూపించాను.

క్లెయిము ఒప్పుకున్నారు.

అక్కడితో అయిపోలేదు, అసలు అనుకోనివి తర్వాత బయటపడ్డాయి. ఆ ఇంజినీరు బండి కింద టార్చి వేసి చూస్తూనే ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట తడి గమనించాడట. క్రాంకు, అంటే ఇంజను లోపల తిరిగే ఇరుసు, దాని వెనక ఆయిలు సీలు కారుతోంది. గేర్‌బాక్సు దింపితే తప్ప అది మార్చలేం, సీలు చిన్నదే, దింపి ఎక్కించే కూలీయే కొండంత. మన పత్రంలో "ఇంజను గానీ గేర్‌బాక్సు గానీ దింపితే తప్ప మార్చలేని ఆయిలు సీళ్ళు" వర్తిస్తాయని ఉంది. (నీ గీత దాని కిందా ఉంది.) అదీ ఒప్పుకున్నారు. గేర్‌బాక్సు దింపాక ఆవిడ ఫోను చేసి, "ఒకసారి రండి, చూసి వెళ్ళండి" అంది. వాటరు పంపు చుట్టూ కూలెంటు కారి ఎండిన చార, ఇరుసు చేత్తో పట్టుకుంటే కదులుతోంది. మంచి వేగంలో ఉండగా అది పట్టేస్తే? ఇంజను వేడెక్కి అల్యూమినియం హెడ్డు వంగిపోయేది. వేడి ముల్లు పైకెక్కాక కూడా నడిపితే ఆ నష్టం వారంటీ కిందికి రాదు, అదీ పత్రంలోనే ఉంది. అంటే ఆ రివర్సు పోవడం వల్ల ఇంజను దక్కింది! మళ్ళీ ఫొటోలు, మళ్ళీ అనుమతి, ఈసారి ఒక్క రోజులో వచ్చింది.

నేను కట్టింది ప్రతి క్లెయిముకీ మన వాటా, ముందు బ్రేకు ప్యాడ్లు, అలైన్‌మెంటు. మిగతాదంతా వాళ్ళే. వాళ్ళు కట్టినది బండి కొన్న ధరలో దాదాపు ఐదో వంతు. వారంటీ వద్దులే, ఆ డబ్బుతో మంచి టైర్లు వేయిద్దామని నేనన్నప్పుడు నువ్వు నాతో గంటసేపు పోట్లాడావు, రెండు రోజులు మాట్లాడలేదు కూడా. నువ్వు పోట్లాడకపోతే బండిని ఆ స్థితిలోనే అమ్ముకోవలసి వచ్చేది. ఆ రెండు రోజుల గురించి నేను నీకు ఎప్పుడూ... సరే, కలిసినప్పుడు చెబుతాను, కాగితం మీద రాదు.

నిన్న సాయంత్రం తెచ్చుకున్నాను. 1, 2, 3, 4, వరసగా, వెన్నలా. ఇంటిముందు గోడకి ముక్కు ఆనించి ఆపి, రివర్సు వేసి వెనక్కి తీశాను. మళ్ళీ ముందుకి, మళ్ళీ వెనక్కి. నాలుగుసార్లు. పిల్లది కిటికీలోంచి చప్పట్లు కొట్టింది. కొత్త బిల్లులన్నీ నీ కవర్లోనే పెట్టాను. ఇంక పట్టట్లేదు, కొత్తది కొందామంది మీ చెల్లెలు, నేను ఒప్పుకోలేదు, దారం కట్టి అదే ఉంచాను.

నువ్వు వచ్చినప్పుడు తాళం నీకే ఇస్తాను, కొండ దారిలో నువ్వే నడుపు, నేను పక్కన కూర్చుంటాను. ఇంకా ఆ ఇంజినీరు వెళ్ళేటప్పుడు నాతో అన్న మాట ఒకటి రాయాలి, చాలా ముఖ్యమైనది, కానీ పిల్లదాన్ని ఈతకి దింపాలి, అప్పుడే హారను కొడుతోంది, అదీ నా బండి హారనే! వచ్చే ఉత్తరంలో

నీ
బావ