గ్రీన్‌కార్డుల్లో దేశాలవారీ పరిమితి: మన వాదనలో లోపిస్తున్నది

సంపాదకుల వారికి,

నమస్కారం.

అమెరికా గ్రీన్‌కార్డుల జారీలో ఒక్కో దేశానికి విధించిన ఏడు శాతం పరిమితి గురించి తెలుగు పత్రికల్లో తరచుగా వార్తలూ వ్యాసాలూ వస్తుంటాయి. ఆ పరిమితి వల్ల భారతీయులు పడుతున్న ఇబ్బంది నిజం. ఉద్యోగ ప్రాతిపదికన ఇచ్చే కార్డుల విషయంలో దాన్ని ఎత్తివేయాలన్న కోరిక న్యాయమైనది. అయితే దాన్ని భారతీయుల మీద గురిపెట్టి తెచ్చిన నిబంధనగా చిత్రించడం చరిత్రకు విరుద్ధం. మొత్తం సంఖ్యను పెంచకుండా పరిమితిని మాత్రం తీసేస్తే చాలనడం ఇతర దేశాలవారికి అన్యాయం. ఈ రెండు మాటలూ మన చర్చల్లో దాదాపుగా వినిపించవు.

జాతీయ మూలాన్ని బట్టి వలసదారులను రానిచ్చే కోటా పద్ధతి 1921లో తాత్కాలిక చట్టంగా మొదలై, 1924 నాటి జాన్సన్-రీడ్ చట్టంతో స్థిరపడింది. మొదటి చట్టం 1910 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో ఉన్న ఒక్కో దేశపు వలసదారుల సంఖ్యలో మూడు శాతాన్ని ఏటా అనుమతించింది. రెండవది ఆ శాతాన్ని రెండుకు తగ్గించడంతో ఆగక, లెక్కకు 1890 నాటి పట్టికను తీసుకుంది. చేతిలో 1920 లెక్కలు ఉండగా ముప్పై నాలుగేళ్ల కిందటివి తవ్వితీయడం వెనుక ఉద్దేశాన్ని ఎవరూ దాచలేదు: ఇటలీ, పోలండ్, రష్యాల నుంచి కాథలిక్కులూ యూదులూ పెద్ద సంఖ్యలో వచ్చింది 1890 తరవాతనే. 1907లో ఒక్క ఏడాదిలోనే 2,80,000కు పైగా ఇటాలియన్లు వచ్చిన దేశంలో, 1929 నుంచి అమలైన కోటా ప్రకారం ఇటలీకి దక్కిన స్థానాలు 5,802, బ్రిటన్‌కు 65,721.

మన సంగతి ఇటలీకన్నా హీనం. 1917 చట్టం భారతదేశంతో సహా ఆసియాలో అత్యధిక భాగాన్ని నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ థింద్ శ్వేతజాతీయుడు కాడు కనుక పౌరసత్వానికి అర్హుడు కాడని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. పౌరసత్వానికి అర్హత లేనివారు వలసదారులుగా రాకూడదని మరుసటి ఏడాదే చట్టం చెప్పింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చాకనే ఆ తలుపు కొద్దిగా తెరుచుకుంది, అదీ ఏటా వందమందికి! అధ్యక్షుడు ట్రూమన్ వీటోను తోసిరాజని 1952లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆమోదించిన మెక్కారన్-వాల్టర్ చట్టం పౌరసత్వానికి జాతి అడ్డంకిని తొలగించినా, కోటాలను అలాగే ఉంచింది. పైగా ఆసియా సంతతివారు ఎక్కడ పుట్టినా వారిని పూర్వీకుల దేశపు ఖాతాలోనే వేసింది. లండన్‌లో పుట్టి పెరిగిన భారత సంతతివాడు బ్రిటన్ కోటాలోని వేలాది స్థానాల్లో ఒకటి కోరే వీలు లేక, భారతదేశపు వందలోనే నిలబడాల్సి వచ్చేది.

ఈ పద్ధతిని కూలదోసిన 1965 నాటి హార్ట్-సెల్లర్ చట్టం వెనుక ఉన్న ఇమాన్యుయెల్ సెల్లర్, 1924లో ప్రతినిధుల సభలో కొత్త సభ్యుడిగా కోటా చట్టానికి వ్యతిరేకంగా ఓటు వేసిన మనిషి. నలభై ఒక్క సంవత్సరాలు అదే సభలో ఉండి, దాన్ని రద్దుచేసే బిల్లును తానే నడిపించాడు. శాసనసభల చరిత్రలో అంతటి ఓపిక అరుదు. ఆ ఏడాది అక్టోబరు 3న స్టాట్యూ ఆఫ్ లిబర్టీ పాదాల వద్ద అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన ఈ చట్టం తూర్పు అర్ధగోళానికి ఏటా 1,70,000 స్థానాలు కేటాయించి, ఏ దేశానికీ 20,000 మించకూడదని నిర్దేశించింది. మనం నేడు తిట్టిపోస్తున్న దేశాలవారీ పరిమితికి మూలం ఇదే. ఇది ఆనాడు వివక్షకు విరుగుడుగా వచ్చింది. బ్రిటన్‌కూ భారత్‌కూ మొదటిసారి ఒకే హద్దు గీసింది. వందమందికి మాత్రమే దారి ఉన్న దేశానికి ఇరవై వేల వరకూ అవకాశం వచ్చింది కనుకనే గుంటూరు, విశాఖ, ఉస్మానియా వైద్య కళాశాలల పట్టభద్రులు 1970ల్లో అక్కడ స్థిరపడగలిగారు. ఇవాళ్టి అమెరికా తెలుగు సమాజానికి పునాది వేసింది ఆ తరమే.

1990 చట్టం ఆ హద్దును ఏడు శాతంగా మార్చి, ఉద్యోగ ప్రాతిపదికన ఏటా ఇచ్చే కార్డులను 1,40,000గా నిర్ణయించింది. ఈ అంకె ఎంత చిన్నదో మన వార్తల్లో సరిగ్గా కనిపించదు. దరఖాస్తుదారు భార్య లేదా భర్త, పిల్లలు కూడా ఇందులోనే లెక్కకు వస్తారు కాబట్టి అసలు ఉద్యోగులకు దక్కేది సగం కూడా ఉండదు. ఇందులో ఏడు శాతమంటే 9,800. ఇతర దేశాలు వాడుకోనివి కొన్ని కలిసి కొన్నేళ్లలో మనవారికి ఇంతకన్నా ఎక్కువే అందినా, లక్షలమంది వరుసకు అది చాలదు. అమెరికాలోని విధాన పరిశోధన సంస్థ కేటో ఇన్‌స్టిట్యూట్ 2023లో వేసిన అంచనా ప్రకారం ఈ విభాగంలో పేరుకుపోయిన సుమారు 18 లక్షల కేసుల్లో 11 లక్షలు భారతీయులవే. 2024లో ఉన్నత విద్యార్హతలున్నవారి ఇబీ-2 విభాగంలో మనవారికి 2012 నాటి ప్రయారిటీ తేదీలే నడిచాయి, అంటే ఆ ఏడాది వరుసలో చేరినవారికే అప్పుడు వంతు వచ్చింది.

అందరికీ ఒకే హద్దు అన్నది దేశాల మధ్య సమానత్వమే గాని మనుషుల మధ్య సమానత్వం కాదు. రైల్వే ఉద్యోగాల్లో గోవాకూ ఉత్తరప్రదేశ్‌కూ సరిగ్గా ఒకే సంఖ్య మించకూడదని నియమం పెడితే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే. అందులోనూ ఈ లెక్క పౌరసత్వాన్ని బట్టి కాక పుట్టిన చోటును బట్టి సాగుతుంది. కడప జిల్లా దంపతులకు కువైట్‌లో పుట్టిన బిడ్డ భారతీయ పాస్‌పోర్టుతోనే అమెరికా వెళ్లినా కువైట్ ఖాతాలోకి వస్తాడు, వరుస చాలా వేగంగా కదులుతుంది. కడపలోనే పుట్టిన అతని తమ్ముడు, అదే చదువు, అదే కంపెనీ, అదే జీతం ఉన్నా, దశాబ్దాలు ఆగాలి. ఉద్యోగానికి మనిషి అర్హతను చూసి కార్డు ఇస్తామని చెప్పే చట్టంలో జన్మస్థలానికి ఇంత బరువు ఎందుకో ఎవరూ సంతృప్తికరంగా చెప్పలేదు. వలస వైవిధ్యం దెబ్బతింటుందన్నది ఒక్కటే జవాబు. వైవిధ్యం కోసం అక్కడి చట్టం ప్రత్యేకంగా లాటరీ వీసాలు పెట్టనే పెట్టింది, వాటికి భారత్‌లో పుట్టినవారు అర్హులు కారు.

ఈ నిరీక్షణలో ఎక్కువగా నలిగేది పిల్లలు. తల్లిదండ్రులతో చిన్నప్పుడే వెళ్లి, అక్కడి బడుల్లో చదివినవారు 21 ఏళ్లు నిండగానే ఆశ్రితుల హోదా కోల్పోయి, విద్యార్థి వీసా వెతుక్కోవడమో దేశం విడవడమో చేయాల్సివస్తుంది. 2002 నాటి చట్టం వయసు లెక్కలో కొంత ఊరట ఇచ్చినా, పదేళ్లు దాటిన వరుసలకు అది ఏ మూలకూ చాలదు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో మరొకటి చూసుకోవలసిన తల్లిదండ్రుల ఆందోళన దీనికి అదనం.

ఇక్కడి వరకూ మన వాదనలో తప్పు లేదు. చిక్కంతా పరిష్కారం దగ్గర. ఉద్యోగ విభాగంలో దేశాలవారీ పరిమితిని తొలగించే బిల్లును ప్రతినిధుల సభ 2019 జులైలో 365-65 ఓట్లతో ఆమోదించింది. సెనేట్ తన మార్పులతో 2020 డిసెంబరులో ఆమోదించింది. రెండు సభలు ఆమోదించిన రూపాల మధ్య తేడాలు తీరకుండానే ఆ కాంగ్రెస్ కాలం ముగిసింది. అప్పట్లో అభ్యంతరం చెప్పిన సెనేటర్ డిక్ డర్బిన్‌ను మనవారిలో చాలామంది శత్రువుగా చూశారు. ఆయన ప్రశ్న మాత్రం సమంజసమైనదే: 1,40,000 అంకెను కదపకుండా పరిమితి తీసేస్తే, ఏళ్ల తరబడి దాదాపు అన్ని కార్డులూ భారత్, చైనా దరఖాస్తుదారులకే వెళ్లి, మిగతా ప్రపంచం మన వరుస వెనుక నిలబడదా? అందుకే ఆ బిల్లుల్లో ఇతర దేశాలకు కొన్నేళ్లపాటు కొంత భాగం విడిగా ఉంచాల్సి వచ్చింది. నైపుణ్య ఉద్యోగాల ఇబీ-3 విభాగంలో ఎదురుచూసే ఫిలిప్పీన్స్ నర్సుకూ ఒక కుటుంబం ఉంది. మన నిరీక్షణను ఆమెకు బదలాయించడాన్ని న్యాయం అనలేం.

మొత్తం సంఖ్యను పెంచితే ఏమవుతుందో ఈమధ్యనే చూశాం. కోవిడ్ వల్ల కుటుంబ విభాగంలో మిగిలిన వీసాలు కలవడంతో 2022 ఆర్థిక సంవత్సరంలో ఉద్యోగ కార్డులు 2,80,000 దాటాయి. చట్టంలో ఒక్క అక్షరం మారకుండానే భారతీయుల వరుస కదిలింది. దానికి ముందు ఏడాది అలా కలిసినవాటిలో 60,000కు పైగా వాడకుండానే మురిగిపోయాయి. జీవిత భాగస్వామినీ పిల్లలనూ 1,40,000 లెక్క నుంచి మినహాయించడం, గతంలో మురిగిపోయిన వీసాలను తిరిగి లెక్కలోకి తేవడం, ఆ తరవాత దేశాలవారీ పరిమితిని దశలవారీగా ఎత్తివేయడం అన్న క్రమాన్ని మన తెలుగు సంఘాలు అడిగితే, ఇతర దేశాలవారూ వారితో కలిసి నిలబడే వీలుంటుంది. కేవలం పరిమితి మాత్రమే తీసేయమంటే వారు ఎదురు నిలబడక తప్పదు. 2019-20లో అదే జరిగింది.

మీ పత్రికకు ఒక్క మనవి. ఏ తేదీ వరకు వరుసలో చేరినవారికి వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే వీసా బులెటిన్ వార్తల్లో భారత్ తేదీలు మాత్రమే కాకుండా మెక్సికో, ఫిలిప్పీన్స్, మిగతా దేశాల తేదీలను కూడా పక్కనే ఒక పట్టికగా ప్రచురించండి. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల కుటుంబ విభాగంలో మెక్సికన్లు ఇరవై ఏళ్లకు పైగా ఎదురుచూస్తున్నారన్న సంగతి మన పాఠకులకు ఆ పట్టిక వల్లనైనా తెలుస్తుంది.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం.