ఇమ్యూనిటీ పెంచే ప్యాచ్ కాదండీ అది

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆదివారం మీ హెల్త్ పేజీలో "ఇమ్యూనిటీ పెంచే స్కిన్ ప్యాచ్‌తో ఆటోఇమ్యూన్ జబ్బులకి చెక్" అని వేశారు. మా అబ్బాయికి టైప్ 1 షుగర్, ఆరేళ్లయింది, ఆ హెడ్డింగ్ చూసి పొద్దున్నుంచి చుట్టాల ఫోన్లు, ఇమ్యూనిటీ పెంచితే తగ్గిపోతుందంట కదా అని. అసలు గొడవే ఇమ్యూనిటీతో కదండీ, అది ఇన్సులిన్ తయారుచేసే సొంత కణాల్నే శత్రువులనుకుని చంపేస్తుంటే దాన్ని ఇంకా పెంచి ఏం చేసుకుంటాం?

చర్మంలో లాంగర్‌హాన్స్ కణాలనీ డెండ్రిటిక్ కణాలనీ కాపలావాళ్లు ఉంటారు, దొరికిన ప్రొటీన్ ముక్కని లింఫ్ గ్రంథికి మోసుకెళ్లి టీ సెల్స్‌కి, అంటే దేనిమీద దాడి చెయ్యాలో నేర్చుకునే తెల్ల రక్తకణాలకి, చూపిస్తారు. వ్యాక్సిన్లలో చాలావాటిలో ఆ ముక్కతో పాటు ఇమ్యూనిటీని రెచ్చగొట్టే పదార్థం కలుపుతారు, అందుకే దాడి నేర్చుకుంటాయి. ఈ ప్యాచ్‌లో అదేమీ లేకుండా మన సొంత ప్రొటీన్ ముక్కే కొద్దికొద్దిగా ఇస్తారు, అప్పుడు "ఇది మనోళ్లదే, వదిలెయ్" అని మిగతావాటిని ఆపే రెగ్యులేటరీ టీ సెల్స్ తయారవుతాయని ఆశ. 2025 వైద్య నోబెల్ వచ్చింది ఈ కణాల మీద పనికే. అదే ముక్క మంట ఉన్న చర్మంలోంచి వెళ్తే కథ తిరగబడొచ్చు, ఎగ్జిమా ఉన్న పిల్లలకి ఫుడ్ ఎలర్జీలు ఎక్కువ రావడానికి ఇదో కారణం అంటారు, కాబట్టి ఇంట్లో ఏదో పూసుకుని ట్రై చేసే వ్యవహారం కాదు.

ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్) అంటే ఇమ్యూనిటీ నరాల మీదుండే మైలిన్ అనే పొరని పాడుచేసే జబ్బు, దానిమీద పోలండ్‌లో 2013లో వచ్చిన ట్రయల్‌లో ఆ మైలిన్ ముక్కలున్న ప్యాచ్ ఏడాది వాడితే తక్కువ డోసు వాళ్లకి జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గింది, కానీ మొత్తం ఉన్నది 30 మందే. టైప్ 1కి 2017లో బ్రిటన్ వాళ్లది ప్యాచ్ కూడా కాదు, చర్మంలోకి ఇంజక్షన్, 27 మంది, అదీ జబ్బు కొత్తగా బయటపడినవాళ్లు. ఏడాదిలో ఉత్తుత్తి మందు వాళ్లకి ఇన్సులిన్ అవసరం దాదాపు సగం పెరిగింది, అసలు మందు వాళ్లకి పెరగలేదు. అంతేగానీ ఇన్సులిన్ మానేసింది ఎవరూ లేరు. మా వాడికైతే కాపాడుకోవడానికి కణాలు ఎన్ని మిగిలాయో కూడా అనుమానమే.

హెడ్డింగ్‌కి చిన్న సవరణ వేయండి సార్, ఆ కటింగ్ ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకురాలు