ఈ నెల వార్తాలేఖ: స్కూల్ బ్యాగులో పిల్లికూన, ఇంకొన్ని విషయాలు

పేరెంట్స్ అందరికీ నమస్కారం.

నిజానికి ఈ లెటర్ పరీక్షల టైమ్‌టేబుల్‌తో మొదలవ్వాలి. కానీ క్లాస్ గ్రూపుల్లో వారం నుంచి నడుస్తున్న టాపిక్ ఒక్కటే కాబట్టి, టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం చూస్కోండి, ఐడీ కార్డు పోగొట్టుకున్నవాళ్లు ఆఫీసులో పేరు రాయించండి, లైబ్రరీ పుస్తకాలు శుక్రవారం లోపు పంపించేయండి. అయిపోయింది. ఇక పిల్లికూన సంగతి.

జరిగింది జరిగినట్టు చెప్తాను, ఎందుకంటే గ్రూపుల్లో అది ఇప్పటికే మూడు పిల్లులూ ఒక కుక్కా అయిపోయింది. నాలుగో తరగతి బాబు ఒకడు, బర్త్‌డేకి ఇంట్లోవాళ్లు తెచ్చిచ్చిన పిల్లికూనని ఫ్రెండ్స్‌కి చూపిద్దామని బ్యాగులో పెట్టుకొచ్చాడు. రెండు పీరియడ్లు ఎవరికీ తెలీలేదు (ఆ క్లాసు అంత బుద్ధిగా ఎప్పుడూ కూర్చోలేదని వాళ్ల టీచరే అన్నారు), మూడో పీరియడ్‌లో అది అరిచింది. అప్పటికే క్లాసులో సగం మంది దాన్ని ఎత్తుకుని ముద్దులాడేశారు. దాని చెవి వెనక వెంట్రుకలు ఊడిపోయి గుండ్రంగా మచ్చ ఉంది, కళ్లు పుసి కట్టి ఉన్నాయి. కొన్నాళ్లకి నలుగురు పిల్లలకి చేతుల మీద, మెడ మీద తామర కనబడింది. అది ఫంగస్, పిల్లుల నుంచి మనుషులకి అంటుకుంటుంది, క్రీముతో తగ్గుతుంది, తగ్గుతోంది కూడా. కూన వెట్ (పశువుల డాక్టర్) దగ్గర ట్రీట్‌మెంట్‌లో ఉంది. ఆ బాబుని దయచేసి ఎవరూ ఏమీ అనకండి, వాడు తనకిష్టమైనదాన్ని ఫ్రెండ్స్‌కి చూపించాలనుకున్నాడు, అంతే.

స్కూల్లోకి జంతువుల్ని తేకూడదు, ఆ రూల్ ఎప్పట్నుంచో ఉంది, సోమవారం నుంచి క్లాసుల్లో బ్యాగులు చూస్తాం. రాత్రి పదకొండుకి వాయిస్ మెసేజ్‌లు పెట్టి "స్కూలే బాధ్యత" అన్నవాళ్లకి గౌరవంగా ఒక్క మాట, బ్యాగు బయల్దేరేది మీ ఇంటి నుంచే. జిప్ తీసి చూడ్డానికి పట్టేది పది సెకన్లు.

సరే, ఇన్ని మెసేజ్‌లలో ఒక్కరు కూడా అడగని ప్రశ్న ఒకటుంది. ఆ కూనని ఇంటికి తెచ్చుకునే ముందు దాన్ని ఎవరైనా సరిగ్గా చూశారా? చూసుంటే ఆ మచ్చ అక్కడే కనపడేది. మనం ఫోన్ కొనాలంటే నెల రోజులు వీడియోలు చూస్తాం, పదిహేనేళ్లు మనతో బతకబోయే ప్రాణిని మాత్రం పిల్లాడు ఏడ్చాడని ఐదు నిమిషాల్లో తెచ్చేస్తాం.

ఈ విషయంలో నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను, ఏమనుకోవద్దు. కూనని 8 వారాల లోపు తల్లి దగ్గర్నుంచి తీయకండి, 12 వారాలు ఆగగలిగితే ఇంకా మంచిది. గోళ్లు ఎప్పుడు లోపల పెట్టుకోవాలో, కొరికితే ఎంతవరకు కొరకాలో అది నేర్చుకునేది తల్లి దగ్గర, తోటి కూనల దగ్గర. ముందే తీసుకొచ్చేసి తర్వాత "మా పిల్లి చేతులు కొరికేస్తోంది సర్" అంటే నేనేం చెప్పను? రెండు వారాల నుంచి ఏడు వారాల వయసు మధ్య మనుషుల చేతుల్లో మెల్లగా అలవాటైన కూనే పెద్దయ్యాక మనుషులకి భయపడకుండా ఉంటుంది, అంటే తల్లి దగ్గరే ఉండాలి, మనిషి చెయ్యీ తగలాలి, రెండూ కావాలి. ఇక గోడ పక్కన ఒంటరిగా కనబడిందని "కాపాడి" తెచ్చేవాళ్లున్నారు. తల్లి చాలాసార్లు తిండి వెతుక్కోడానికి పోయి ఉంటుంది, లేదా కూనల్ని ఒక్కొక్కటిగా వేరే చోటికి మారుస్తూ ఉంటుంది. కూన బొద్దుగా, శుభ్రంగా, నిద్రపోతూ ఉందంటే దానికి తల్లి ఉన్నట్టే. దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడండి. మీరు కాపాడుతున్నారో ఎత్తుకుపోతున్నారో అప్పుడు తెలుస్తుంది.

వయసు చెప్పేవాళ్లు ఎంతైనా చెప్తారు, మీరే చూసుకోవచ్చు. 8 వారాల కూన సుమారు 800, 900 గ్రాములు తూగుతుంది, పాలపళ్లు దాదాపు అన్నీ వచ్చేసుంటాయి, కళ్ల నీలం రంగు మారడం మొదలై ఉంటుంది. అరకిలో కూడా లేని కూనని "రెండు నెలలు నిండాయి" అంటే నమ్మకండి.

మిగతావి మా ఏడో తరగతి అమ్మాయిలు ముగ్గురు చెప్తారు, నాకంటే బాగా చెప్తారు. ఈ గొడవ మొదలైన రోజే ముగ్గురూ సైన్స్ టీచర్ దగ్గరికి వెళ్లి, ఆయన్ని వెంటబెట్టుకుని వెట్ దగ్గరికి వెళ్లి, అడిగినవన్నీ రాసుకుని, బొమ్మలేసి ఒక షీట్ తయారుచేశారు. ఎవరూ చెప్పలేదు! కళ్లు తేటగా ఉండాలి, లోపలి మూల నుంచి తెల్లటి పొర కంటి మీదకి వచ్చి ఉంటే ఒంట్లో బాలేనట్టే (ఆ పొర బొమ్మ ముగ్గురిలో ఒకమ్మాయి ఎంత బాగా వేసిందంటే వెట్ దాన్ని ఫోటో తీసుకున్నారు). ముక్కు కారకూడదు, తుమ్ములు ఉండకూడదు. చెవిలో కాఫీపొడి లాంటి నల్లటి మురికి ఉంటే చెవి పురుగులు. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి, పాలిపోయి ఉంటే రక్తం తక్కువ. ఒళ్లు బక్కగా ఉండి పొట్ట మాత్రం ఉబ్బి ఉంటే ముద్దుగా ఉందనుకోకండి, నులిపురుగులు కావచ్చు. తోక కింద శుభ్రంగా ఉండాలి. నేల మీద వదిలితే కుంటకుండా నడవాలి, వెనక నుంచి చప్పుడు చేస్తే చెవులు తిప్పాలి, ముఖ్యంగా నీలికళ్ల తెల్ల కూనల్లో చెవుడు ఎక్కువ కాబట్టి. మూలన ముడుచుకుని కదలకుండా ఉన్న కూన "శాంతంగా ఉంది" అనుకుంటారు చాలామంది, జబ్బుతో ఉండొచ్చు. నిద్రమత్తేమో అనిపిస్తే ఇంకో రోజు వెళ్లి మళ్లీ చూడండి.

వీళ్లని చూసి ఐదో తరగతి బాబు ఒకడు అసెంబ్లీలో తడి టిష్యూ టెస్ట్ చేసి చూపించాడు. బొచ్చులో నల్ల నలుసులు దొరికితే తడి తెల్ల కాగితం మీద రుద్దాలి, ఎర్రగా మారితే అది మట్టి కాదు, రక్తం తాగిన గోమార్ల (ఫ్లీస్) మలం. మొత్తం స్కూలు ఛీ అంది, వాడు మాత్రం నవ్వుతూ నిలబడ్డాడు. ఆ అబ్బాయి మొన్నటిదాకా స్టేజీ ఎక్కమంటే కడుపునొప్పి అనేవాడు.

ఇప్పుడు ఇంటి అలవాట్లు. చెప్పకూడదు గానీ చెప్పాలి. కూనకి ఆవుపాలు, గేదెపాలు పోయకండి, చాలావాటికి అరగవు, విరేచనాలై నీరసించి పోతాయి. పళ్లు రానిదైతే కూనల కోసమే అమ్మే పాలపొడి కలిపి పట్టాలి. జ్వరమొచ్చిందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ముక్క వేయకండి, పిల్లికి అది విషం, చచ్చిపోతుంది. కుక్కల గోమార్ల మందులు కూడా కొన్ని అంతే, పిల్లి మీద వేయకండి. "ఒక టీకా వేయించేశాం" అని ఇచ్చేవాళ్లు చెప్తే కార్డు అడగండి, టీకాలు 6 నుంచి 8 వారాల దగ్గర మొదలై 16 వారాల దాకా 3, 4 వారాలకోసారి పడతాయి, రేబిస్ టీకా మూడు నెలల వయసు దగ్గర వేస్తారు. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే కొత్తదాన్ని రెండు వారాలు వేరే గదిలో ఉంచండి. ఈ మధ్యే పార్వో అనే వైరస్‌తో వచ్చే వాంతులు, విరేచనాల జబ్బుతో కూన పోయిన ఇంట్లోకి ఇంకోటి వెంటనే తేకండి, ఆ వైరస్ ఏడాది దాకా ఉండిపోగలదు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది ఇది. గీరుకుపోయిందని ఇంట్లో చెప్తే తిడతారని ఇద్దరు పిల్లలు ఫుల్ చేతుల స్వెట్టర్ వేసుకొచ్చారు. పిల్లి కొరికినా గీరినా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి, గాయం మీద పసుపు, కారం, నూనె లాంటివి పూయకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, రేబిస్ టీకా కావాలో లేదో ఆయన చెప్తారు. తిట్లు తర్వాత తిట్టుకోవచ్చు.

షీట్ జిరాక్స్ ఈ రోజు పిల్లల డైరీలో పంపాం, చదివి సంతకం చేసి పంపండి, చదవకుండా చేసిన సంతకాలు నాకు తెలిసిపోతాయి. శనివారం పేరెంట్స్ మీటింగ్ పదింటికి, మార్కుల గురించి క్లాస్ టీచర్లతో మాట్లాడండి, పిల్లుల గురించి ఆ ముగ్గురు అమ్మాయిలు లైబ్రరీలో కూర్చుని ఉంటారు. వాటర్ బాటిళ్ల మీద పేర్లు రాయండి.

ఇట్లు
మీ హెడ్‌మాస్టర్