గుంటకి జొరమొచ్చింది: ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి నారా లోకేష్ గారికి,

నమస్కారం. విశాఖ మధురవాడలో ఒక మేడ మీద, పద్నాలుగు మందితో ఏఐకి డేటా తయారుచేసే కంపెనీ నడుపుతున్నాను. కింద టిఫిన్ సెంటరు. వాళ్ల మిక్సీ మోత రికార్డింగులో పడకుండా పదకొండు దాటాకే మైకులు ఆన్ చేస్తాం.

పోయిన నెల శ్రీకాకుళం వైపు నుంచి ఒకావిడ గొంతు వచ్చింది. "మా గుంటకి రాత్రి నుంచి జొరం బావు, ఏటీ తిన్నేదు." దీన్ని ఒక ఏఐ మోడల్‌కి ఇస్తే 'మా చెరువుకి జ్వరం' అని ఇంగ్లీషులోకి మార్చింది. మా పలాస అమ్మాయి పడీపడీ నవ్వింది. కాసేపాగి తనే, "సార్, ఇదే 108కి చేసిన ఫోనైతే?" అంది. నాకు నోట మాట రాలేదు. గుంటంటే ఇక్కడ ఆడపిల్ల. ఆ సంగతి మెషీన్‌కి నేర్పడమే మా పని. విన్నది విన్నట్టు రాయాలి, అర్థం పక్కన చేర్చాలి, ఇంకొకరు సరిచూడాలి. గంట ఆడియోకి ఒక మనిషి రోజు పోతుంది.

కెన్యాలో, ఫిలిప్పీన్స్‌లో కూడా ఇలాంటి పని చేసేవాళ్లున్నారు. ఫొటోలో ఇది కారు అని ఏఐకి చూపడానికి దాని చుట్టూ డబ్బా గీయడమైతే రేటు తగ్గించినవాడిదే ఆర్డరు. ఇప్పుడా డబ్బాలు చాలావరకు మోడళ్లే గీసేస్తున్నాయి. మరోపక్క, 2025 జూన్‌లో స్కేల్ ఏఐ అనే డేటా కంపెనీలో 49 శాతం వాటాకి మెటా 1,430 కోట్ల డాలర్లు పెట్టింది. ఆ ఏనుగుల ముందు మేం చీమలం. కానీ ఉత్తరాంధ్ర యాస నైరోబీలో దొరకదు కదా.

2025 అక్టోబరులో గూగుల్ మన వైజాగ్‌లో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతానంది. సంతోషం. టీసీఎస్‌కి 99 పైసల నామమాత్రపు ధరకి భూమి ఇచ్చారు. అదీ మంచిదే. నాకు భూమి వద్దు (99 పైసల చిల్లర ఇప్పుడెక్కడ దొరుకుతుంది లెండి).

టెండరు సంగతి చూడండి చాలు. తెలుగు వాయిస్ డేటా కోసం ఒక కార్యాలయం పిలిచిన టెండరులో మూడేళ్ల టర్నోవరు అడిగారు. మాకు రెండేళ్లే. పని బయటివాళ్లకి వెళ్లింది. నాలుగు వారాల్లో సబ్ కాంట్రాక్టుగా మళ్లీ మా మేడ మీదికే వచ్చింది, సగం రేటుకి. టర్నోవరు బదులు అందరికీ ఒకే పది గంటల ఆడియో ఇచ్చి, తప్పులు తక్కువున్నవాళ్లకి పని ఇవ్వండి.

ఇంకొకటి. ప్రభుత్వమే ఉత్తరాంధ్ర మాటల్ని రికార్డు చేయించాలి. గొంతు ఇచ్చినవాళ్ల అనుమతి 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం తీసుకోవాలి, వాళ్లకి డబ్బూ ముట్టాలి. వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలకి మన మిత్ర తెచ్చారు కదా, రేపు అందులో మా అమ్మలు నోటితోనే అడగాలంటే ఈ డేటా ఉండాల్సిందే.

మీ అధికారుల్ని ఒకసారి పంపండి, ఆ రికార్డు వినిపిస్తాను. ఆవిడ అనుమతి తీసుకునే ఉంచాం. పదకొండు దాటాక రమ్మనండి, మిక్సీ ఆగుతుంది.

ఇట్లు,
మధురవాడ నుంచి ఒక చిన్న డేటా కంపెనీ యజమాని