రెండు మార్కుల ప్రశ్న

సంపాదకుని గారికి,

చంద్రగ్రహణం రాత్రి మా మనవడు డాబా ఎక్కబోతే ఇంట్లో అందరూ కలిసి ఆపేశారు. వాడి సాంఘిక శాస్త్రం పుస్తకంలో మాత్రం రాజ్యాంగం 51ఎ అధికరణం ఉంది: శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి. 1976లో 42వ సవరణతో చేరింది. ఇప్పుడది బట్టీ పట్టే రెండు మార్కుల ప్రశ్న.

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వ్యవస్థాపకులు పుష్పమిత్ర భార్గవ ఆ విధిని నిజంగానే నమ్మారు. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులు వద్దని సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2004లో ఓడిపోయారు. 2015లో సర్కారు తీరుకు నిరసనగా పద్మభూషణ్ వెనక్కిచ్చేశారు. ఆయన మాటలన్నీ నాకు నచ్చవు, కానీ సర్కారును ప్రశ్నించే శాస్త్రవేత్తలు ఇప్పుడెందరు?

వచ్చే గ్రహణాన్ని పిల్లలకు బడి డాబా మీద చూపించమని హెడ్మాస్టరును అడిగాను. "ఎందుకండీ గొడవ" అన్నారు.

– ఓ రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, నల్గొండ