కలెక్టరు గారికి: ఒంటరి ఇళ్ళలోని పిల్లి గురించి ఒక్క మాట అడిగించండి

శ్రీకాకుళం జిల్లా కలెక్టరు గారికి నమస్కారాలు.

మాది పొందూరు. పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా గోడకు ఆనుకున్న ఇంట్లో ఒక అప్ప ఉండేది. ఖాదీ నూలు వడికేది. మా పొందూరులో సన్ననూలు కోసం పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని మీకు తెలిసే ఉంటుంది. ఆ దవడ వాసనకే ఒక పిల్లికూన గుమ్మంలోకి వచ్చిందట. తెల్లగా ఉందని అప్ప దానికి దూది అని పేరు పెట్టింది. ఏకుల బుట్ట పక్కనే దాని పడక. నెత్తళ్ళు కొన్న రోజున అప్ప తినేముందు దాని వాటా తీసి పక్కన పెట్టేది.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి అప్పకు ఆయాసం వచ్చింది. 108 వచ్చి తీసుకెళ్ళింది. మళ్ళీ ఇంటికి రాలేదు. చెన్నైలో పనిచేసుకునే కొడుకు వచ్చి, పెద్దకర్మ జరిపించి, ఇంటికి తాళం వేసుకుని వెళ్ళాడు. అతన్ని నేను తప్పుపట్టను. అన్ని రోజులు పని మానుకుంటే కూలి ఎవరిస్తారు? ఆ పన్నెండు రోజులూ ఇంటినిండా జనం. పిల్లి అటక మీదే ఉండి, అందరూ పడుకున్నాక దిగి దొరికింది తినేది. ఎవరో ఒకరు చూస్తున్నారులే అని వీధంతా అనుకుంది, నేనూ అనుకున్నాను.

తాళం పడ్డాక అది గడప మీదే కూర్చుంది. పాలన్నం పెట్టాను, ముట్టలేదు. చేప పెట్టాను, వాసన చూసి తల తిప్పేసుకుంది. మూడో రోజు గంపలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వు కాలేయానికి చేరి ప్రాణం మీదికి వస్తుందని డాక్టరుగారు చెప్పేదాకా నాకు తెలియదు. ఎనిమిది రోజులు సిరంజితో చేపనీళ్ళు పట్టాను. తొమ్మిదో రోజు తనంతట తనే గిన్నెలో మూతి పెట్టింది. అప్పుడు ఏడ్చాను. అప్ప పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

అప్ప నన్ను ఎన్నోసార్లు అడిగింది, “నాను పోతే దీన్నెవులు సూస్తారమ్మా?” అని. “ఆ మాటలెందుకప్పా” అని తప్పించేసేదాన్ని. ఇప్పుడు అదే ప్రశ్న నాకు వచ్చింది. దూదికి నాలుగేళ్ళు. ఇంటిపట్టున పెరిగే పిల్లి పదిహేనేళ్ళు బతకడం మామూలే. నాకు 68.

వీలునామా రాద్దామని లాయరుగారి దగ్గరికి వెళ్ళాను. చట్టం లెక్కలో పిల్లి కూడా మన ఆస్తే, దాని పేరున డబ్బు రాయడం కుదరదన్నారు. 1882 నాటి ట్రస్టుల చట్టంలోనూ పెంపుడు జంతువు కోసమని విడిగా ఏర్పాటు లేదట. ఆయన చూపిన దారి ఏమిటంటే, నమ్మకమైన మనిషికి పిల్లినీ, దాని తిండికీ మందులకీ కొంత డబ్బునీ కలిపి రాయడం. ఇద్దరు సాక్షులు సంతకాలు పెడితే చాలు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఆమదాలవలసలో ఉన్న మా చెల్లెలి కూతురు ఒప్పుకుంది, రాసేశాను. అయినా మనసు కుదుటపడలేదు. వీలునామా బీరువాలోంచి బయటికొచ్చేది పెద్దకర్మ అయ్యాకే కదా! పిల్లికి ఆ రాత్రే తిండి కావాలి. మరణం నమోదుకు 21 రోజుల గడువు ఉంటుంది, అప్పుడు అడిగినా ఆలస్యమే. మనిషి బతికుండగానే అడగాలి.

అడగడానికి మన దగ్గర మనుషులున్నారు కలెక్టరు గారూ. ఒకటో తేదీన సచివాలయం వాళ్ళు పింఛను పట్టుకుని గడప గడపకూ వస్తారు. ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో చుట్టాలకన్నా వాళ్ళకే బాగా తెలుసు. పశుసంవర్ధక సహాయకులూ ఉన్నారు. ఇంట్లో పిల్లి గానీ కుక్క గానీ ఉందా, మీకేమైనా అయితే ఎవరికి ఫోను చేయాలి, వాళ్ళు దొరక్కపోతే రెండో మనిషి ఎవరు? ఈ మూడూ ఒక పుస్తకంలో రాసుకుంటే చాలు. చావు వరకూ పోనక్కర్లేదు, ఆసుపత్రిలో పది రోజులు పడుకున్నా అది అక్కరకొస్తుంది. మన జిల్లాలో పిల్లలు వలస పోయి ముసలివాళ్ళు మిగిలిన ఇళ్ళు ఎన్నో నేను మీకు చెప్పాలా? ఉద్దానంలో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి పోయే మనిషి, ఏ రోజు ఇంటికి తిరిగి రాలేనోనని బెంగపడుతూ తాళం వేసుకుని పోతుంటే ఆ ఇంట్లో ఇంకో ప్రాణి ఉందేమో ఎవరైనా అడగవద్దా?

ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 జంతు హింస నివారణ చట్టం కింద నేరం. కానీ అప్ప విషయంలో ఎవరిని శిక్షిస్తాం? శిక్ష వల్ల పిల్లికి అన్నం రాదు. నాకు కావలసింది అదే చట్టం కింద 2001లో వచ్చిన నిబంధనల్లో ఉంది. ప్రతి జిల్లాకూ ఒక జంతు హింస నివారణ సంఘం ఉండాలి, జంతువులకు ఆశ్రయం కట్టడానికి ప్రభుత్వం దానికి స్థలం చూపాలి అని. మన జిల్లా ఆశ్రయంలో పిల్లులకు వేరే గది ఇప్పించండి. కుక్కల మొరుగుడు వినిపించేచోట బెదిరిన పిల్లి తినదు. చప్పుడు లేని ఒక గది, వారానికోసారి డాక్టరు వచ్చి చూసే ఏర్పాటు ఉంటే చాలు.

నా మటుకు ఒక కాగితం రాసి తలుపు లోపలివైపు అంటించాను. పిల్లి పేరు దూది. ఉడికించిన చేప, ముళ్ళు తీసి, ఉప్పూకారం లేకుండా పెట్టాలి. భయపడితే బియ్యం డబ్బాల వెనక దాక్కుంటుంది. ఇంటి రెండో తాళంచెవి మా చెల్లెలి కూతురి దగ్గర ఉంది. దాని కింద రెండో మనిషి అని రాసి ఖాళీ వదిలాను. మీరు ఆ గది ఏర్పాటు చేసిన రోజున అక్కడ దాని ఫోను నంబరు రాసుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పొందూరు